మైళ్ల మహాదాతకు సన్మాన పత్రం

విమాన సంస్థల మైళ్ల పథకంవారి సముఖమునకు, రెండు మూడేళ్లకోసారి పిల్లాపాపలతో అమెరికా నుంచి హైదరాబాదు వచ్చి వెళ్లే తెలుగు కుటుంబాలవారు వినయపూర్వకంగా సమర్పించుకుంటున్న సన్మాన పత్రం.

అయ్యా,

సన్మానాల విషయంలో తెలుగువాళ్లం ఎవరికీ లోటు చెయ్యం. రిటైరైన హెడ్మాస్టారికి చేస్తాం, బదిలీ మీద వెళ్లే ఎమ్మార్వోకి చేస్తాం. అమెరికాలో తెలుగు సభలకు దిగిన కవిగారికైతే విమానాశ్రయంలోనే మొదలుపెడతాం. అలాంటిది, టికెట్టు కొన్న ప్రతిసారీ "మీ సభ్యత్వ సంఖ్య?" అని ఆప్యాయంగా పలకరించే మీకు ఇన్నాళ్లూ ఒక్క దండ కూడా వెయ్యలేదు. పేరుపెట్టి ఉత్తరాలు రాసేది మీరు. పుట్టినరోజు గుర్తుపెట్టుకునేది మీరు. మేం ఎన్నడూ ఎక్కని విమానాల కబుర్లు కూడా వారం వారం పంపేది మీరు. ఆ రుణం కొంతైనా తీర్చుకుందామని ఈ పత్రం.

దీర్ఘదర్శీ!

మీ జన్మ వృత్తాంతం పరమ పావనం. 1978లో అమెరికా ప్రభుత్వం విమాన ఛార్జీల మీద తన అదుపు తీసేసింది. ఎవరైనా ఏ ఊరికైనా నడుపుకోవచ్చు, ఎంతకైనా అమ్ముకోవచ్చు అనేసరికి పోటీ పెరిగి ఛార్జీలు దిగడం మొదలైంది. ధర తగ్గించి ప్రయాణికుణ్ని నిలబెట్టుకోవడం నష్టాల బేరమని గ్రహించిన పెద్దలు అంతకంటే చౌకైన ఉపాయం కనిపెట్టారు. 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఎగిరిన మైళ్లకు బహుమతులిచ్చే లెక్కకు కొబ్బరికాయ కొట్టింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ దాన్ని 'ఆడ్వాంటేజ్' పేరుతో ఊరేగించింది. రోజుల తేడాతో యునైటెడ్, ఆ ఏడే డెల్టా అందుకున్నాయి.

ఈ పథకం ఎవరి కోసం పుట్టిందో మీరెన్నడూ దాచలేదు. ఆఫీసు పని మీద వారం వారం ఎగిరే ఉద్యోగి కోసం. టికెట్టు డబ్బు కంపెనీది, మైళ్లు ఉద్యోగివి. పరుల సొమ్ము కాబట్టి వంద డాలర్లు ఎక్కువైనా ఆయన మీ విమానమే ఎక్కుతాడు, సెలవుల్లో ఆ మైళ్లతో పెళ్లాన్ని హవాయి తీసుకెళ్తాడు. ఈ ఏర్పాటులో అందరూ సుఖపడ్డారు, బిల్లు కట్టిన కంపెనీ తప్ప. మీ దయ ఎంతటిదంటే, సొంత డబ్బుతో నాలుగు టికెట్లు కొనుక్కునే మాకు కూడా అదే సభ్యత్వం ఇచ్చారు. పరుల సొమ్ము మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

గణిత శిఖామణీ!

మైలంటే దూరమని మేం బడిలో చదువుకున్నాం. ఆ అజ్ఞానాన్ని మీరు పోగొట్టారు. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ దూరం లెక్క పక్కనపెట్టి డాలర్ల లెక్క తెచ్చాయి. అప్పుడు పెట్టిన పద్ధతిలో హోదా లేని సభ్యుడికి డాలరుకు 5 మైళ్లు, అగ్రశ్రేణి సభ్యుడికి 11. ప్రభుత్వ పన్నుల కింద కట్టిన డబ్బుకు మైళ్లు లేవు.

న్యూయార్క్ నుంచి హైదరాబాదు వెళ్లి రావాలంటే ఏ దారిన పోయినా 16 వేల మైళ్లకు తక్కువ కాదు. టికెట్టు 1400 డాలర్లు, అందులో పన్నులు 200 అనుకుందాం. మిగిలిన 1200ని 5తో గుణిస్తే 6 వేలు. 16 వేల మైళ్లు ఎగిరి కాళ్లు వాచి దిగినవాడి చేతిలో 6 వేల మైళ్లు పెట్టి, ఎంత సంపాదించారో చూశారా అని అభినందించడం మీకే చెల్లింది. మైలుకు ఒక సెంటు విలువ కట్టుకుంటే అవి 60 డాలర్లు. పక్క సీట్లో అంతే డబ్బు పెట్టి, అదే ఉప్మా తిని, అదే ఇరుకులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న అగ్రశ్రేణి సభ్యుడికి 13,200. ఒకే విమానంలో ఒకే వరసలో కూర్చున్నా ఆయన మాకు రెట్టింపు దూరం వచ్చేశాడు.

అన్నిటికంటే చౌక టికెట్టు కొన్నవాడి మీద మీ కరుణే వేరు. డెల్టాలో 2021 డిసెంబరు నుంచి కొన్న బేసిక్ ఎకానమీ టికెట్లకు మైళ్లే లేవు. ఆ మనిషి విమానం ఎక్కాడు, దిగాడు, సామాను తీసుకుని ఊళ్లోకి పోయాడు. మీ ఖాతా పుస్తకంలో మాత్రం గడప దాటలేదు.

కుటుంబ వత్సలా!

ఒకే ఇంటి నుంచి, ఒకే కార్డు మీద, ఒకే బుకింగులో కొన్న నాలుగు టికెట్లను మీరు నలుగురు స్వతంత్ర పౌరుల యాత్రలుగా గౌరవిస్తారు. నాన్నకో ఖాతా, అమ్మకో ఖాతా, తొమ్మిదేళ్ల అమ్మాయికో ఖాతా, నాలుగేళ్ల అబ్బాయికో ఖాతా. ఉమ్మడి కుటుంబాలు విడిపోతున్నాయని మా పెద్దవాళ్లు బాధపడుతుంటే, విడిపోవడానికి ఇంకా ఎంత వీలుందో మీరు చేసి చూపించారు. పిల్లాడికి పేరు రాయడం రాకముందే 6 వేల మైళ్ల ఆసామి అయ్యాడు. వాడి పాస్‌వర్డు మర్చిపోతే మీరడిగే రహస్య ప్రశ్న: మీ మొదటి ఉద్యోగం ఏ ఊళ్లో చేశారు? వాడు ఇంకా కిండర్‌గార్టెన్‌లో కూడా చేరలేదు.

నలుగురివీ ఒకచోట పోగేస్తే 24 వేలు అవుతాయి, ఏదో ఒక టికెట్టుకు పనికొస్తాయి అని ఆశపడటం మానవ సహజం. ఆ ఆశ తప్పని నచ్చజెప్పడానికి బదిలీ ఫీజు పెట్టారు. డెల్టాలో చాలాకాలంగా ఉన్న రేటు మైలుకు ఒక సెంటు, అది కాక బదిలీ చేసిన ప్రతిసారీ 30 డాలర్లు. అంటే 60 డాలర్ల విలువ చేసే మైళ్లు భార్య ఖాతాలోంచి భర్త ఖాతాలోకి జరపడానికి 90 డాలర్లు. అమ్మవి, అమ్మాయివి, అబ్బాయివి అన్నీ నాన్న ఖాతాలో వెయ్యాలంటే 180 డాలర్ల సరుక్కి 270 డాలర్ల కూలి. ఒకే కప్పు కింద, ఒకే టేబుల్ దగ్గర అన్నం తినే మనుషుల మధ్య ఇంత ఖరీదైన రాకపోకలు ఉన్నాయని మీరు చెప్పేదాకా మాకు తెలియదు.

అందరూ ఒకేలా ఉండరని ఒప్పుకోవాలి. ఎమిరేట్స్ ఎనిమిది మంది దాకా కుటుంబ సభ్యుల మైళ్లు ఒక ఖాతాలో చేర్చనిస్తుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ఇంటి ఖాతా ఉంది. 2024లో యునైటెడ్ కూడా ఐదుగురు దాకా మైళ్లు కలిపి వాడుకోవచ్చంది. మొగుడూ పెళ్లాలు ఒక ఇంట్లో ఉంటారన్న సంగతి 1981లో పుట్టిన పథకానికి 2024లో తెలిసిందన్నమాట. ఆలస్యమైనా అమృతమే.

నామధేయ పండితా!

మా పేర్ల మీద మీకున్న పట్టుదల మా ఇంట్లో వాళ్లకు కూడా లేదు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, మధ్యలో ఇలవేల్పు, తాతగారి పేరు. ఇవన్నీ టికెట్టు మీద సందు లేకుండా అతుక్కుపోయి ఒక సమాసమవుతాయి. మీ దగ్గర సభ్యత్వం మాత్రం ఆఫీసులో పిలిచే నాలుగక్షరాల మీద ఉంటుంది. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే మైళ్లు, లేకపోతే బోర్డింగ్ పాసులు జతచేసి అర్జీ పెట్టుకోవాలి.

పాస్‌పోర్టులో మొత్తం పేరు ఇంటిపేరు గడిలోనే పడితే, రెండో గడి ఖాళీ కాబట్టి అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యు' అని వేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. మీరు దాన్నే బారసాల నాడు పెట్టిన పేరుగా స్వీకరించి "ప్రియమైన ఎఫ్ఎన్‌యు గారికి" అని రాస్తారు. మనవడి పురిటికి వచ్చిన అమ్మమ్మ ఆ ఉత్తరం చూసి "ఎవర్రా ఈవిడ?" అంటే, "నువ్వేనమ్మా" అని చెప్పుకోవాల్సి వస్తోంది.

జన్మదిన బాంధవా!

ఎమిరేట్స్ వారి స్కైవార్డ్స్ మైళ్లకు ఆయుష్షు మూడేళ్లు. మూడో ఏడు సభ్యుడి పుట్టిన నెల ముగిసేసరికి అవి చెల్లు. సింగపూర్ వారివీ మూడేళ్లే. అమెరికన్‌లో 24 నెలలు ఖాతాలో కదలిక లేకపోతే చెల్లు. మూడేళ్లకోసారి ఊరెళ్లే కుటుంబానికి మూడేళ్ల గడువు! ముహూర్తాలు పెట్టే మా సిద్ధాంతిగారు కూడా ఇంత కచ్చితంగా పెట్టలేరు. మొదటి ప్రయాణంలో వచ్చిన మైళ్లు రెండో ప్రయాణానికి టికెట్లు వెతికే వేళకు, సరిగ్గా కేకు కోసిన నెలలో సెలవు తీసుకుంటాయి. అదే నెలలో మీ శుభాకాంక్షల ఉత్తరం కూడా వస్తుంది.

డెల్టా 2011లో, యునైటెడ్ 2019లో ఈ గడువు ఎత్తేసి మైళ్లను దీర్ఘాయుష్మాన్ భవ అని దీవించాయి. ఎన్ని మైళ్లకు ఏ టికెట్టు వస్తుందో చెప్పే పట్టికను డెల్టా 2015లో తీసేసింది, యునైటెడ్ గడువు ఎత్తేసిన 2019లోనే తీసేసింది. ఇప్పుడు మైలుకు చావు లేదు. దానికి ఏం వస్తుందన్నది మాత్రం ఆ పూట మీ చిత్తం, మా ప్రాప్తం.

ఉచిత వితరణశీలా!

మైళ్లతో ఉచిత టికెట్టు ఇస్తామన్న మాట మీరు ఎప్పుడూ తప్పలేదు. మా పిల్లలకు జూన్ నుంచి ఆగస్టు దాకా, మళ్లీ క్రిస్మస్‌కు సెలవులు. పండక్కి రమ్మని అమ్మ పిలిచేది సంక్రాంతికి. ఆ తేదీలు కొట్టి, నలుగురు అని నొక్కితే, లేవంటారు. ముగ్గురు అంటే, లేవంటారు. ఒక్కరు అంటే, రండి రండి అంటారు. ఆ ఒక్కరు ఎవరన్న చర్చ మా ఇంట్లో రాత్రి పన్నెండింటి దాకా నడుస్తుంది. మళ్లీ అదే విమానాన్ని మైళ్లు కాకుండా డాలర్లు ఎంచుకుని వెతికితే నాలుగేం ఖర్మ, తొమ్మిది సీట్లు చూపిస్తారు. మైళ్లతో చూస్తే నిండిపోయిన విమానం డబ్బుతో చూస్తే ఖాళీ.

దొరికిన ఆ ఒక్క ఉచిత టికెట్టుకు పన్నులు కట్టాలి, అది ధర్మమే. పన్నుల పక్కనే ఇంకో వరస ఉంటుంది, విమాన సంస్థ తనకు తాను వేసుకునే సర్‌ఛార్జి. ఇంధనం పేరు మీద మొదలై, పెట్రోలు ధర దిగినా తాను దిగని ఆ సర్‌ఛార్జి లండన్ మీదుగా వెళ్లే కొన్ని టికెట్లకు వందల డాలర్లు ఉంటుంది. ఉచితం తీసుకున్నామన్న అపరాధ భావన ప్రయాణికుడికి కలగకూడదన్న మీ సున్నితత్వం మాకు అర్థమవుతూనే ఉంది.

పాత్రాపాత్ర వివేకీ!

దానం పాత్రుడికే చెయ్యాలని శాస్త్రం. మీరు దాన్ని అక్షరాలా పాటిస్తారు. వెండి, బంగారం, ప్లాటినం, వజ్రం అంటూ మెట్లు కట్టి, ఎవరు ఏ మెట్టో ఏటేటా తూకం వేస్తారు. డెల్టా 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం వెండి మెట్టుకు ఏడాదిలో 5 వేల డాలర్లు, వజ్రానికి 28 వేలు. మొదట వజ్రానికి 35 వేలన్నారు. ప్రయాణికులు గగ్గోలు పెడితే తగ్గించారు, మీకు చెవులున్నాయనడానికి అదే సాక్ష్యం. పైన చెప్పిన కుటుంబం నలుగురికీ కలిపి పన్నులు పోను పెట్టిన ఖర్చు 4800. మీరు మనిషికి మనిషిని విడిగా తూస్తారు కాబట్టి తలకు 1200. విడిగా చూస్తే ఎవరూ వెండి కారు సరే, నలుగురినీ కలిపి కరిగించి పోసినా ఒక్క వెండి మనిషి తయారవడు.

మెట్లెక్కినవారికి మీరిచ్చే వరాలు చూస్తే మీ వివేకం ఇంకా బోధపడుతుంది. స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో బంగారు సభ్యుడికి అదనంగా ఒక పెట్టె. ఆవకాయ, గోంగూర, సున్నుండలు, కందిపొడి, పిల్లల పట్టు లంగాలు, ఇవన్నీ 23 కిలోల పెట్టెలో సర్ది, బాత్రూం త్రాసు మీద నిలబెట్టి, 24 చూపిస్తే మళ్లీ తెరిచి కందిపొడి తీసి చేతిసంచిలో పెట్టుకునే కుటుంబానికి అదనపు పెట్టె ఎందుకు? ఇక్కడైతే దుర్వినియోగమవుతుంది. రెండు రోజుల మీటింగుకు భుజానికి ల్యాప్‌టాప్ సంచి ఒక్కటే తగిలించుకుని పోయే పెద్దమనిషికి ఇస్తే ఖాళీగా, క్షేమంగా ఉంటుంది.

లౌంజి సంగతీ అంతే. నడిరాత్రి నాలుగైదు గంటల విరామంలో చంటిపిల్లకు పాలు కాచుకోవడానికి చోటు వెతుక్కునే తల్లికి లౌంజి అనవసరం. అది ఒంటరిగా మౌనంగా కూర్చోవాలనుకునే సభ్యుడిది. పోనీ ఎలాగో మా ఇంటాయన బంగారు సభ్యుడయ్యాడే అనుకోండి, స్టార్ అలయన్స్ ఆయన వెంట ఒక అతిథిని రానిస్తుంది. భార్యా, ఇద్దరు పిల్లల్లో అతిథి ఎవరో ఆ తలుపు దగ్గరే తేల్చుకోవాలి. సంసారంలో ఇలాంటి తీర్పులు బహిరంగంగా ఇప్పించే ధైర్యం మా కుటుంబ పెద్దల్లో ఎవరికీ లేకపోయింది.

విమానం ఎక్కేటప్పుడు అమెరికన్ వారు ప్రయాణికులను తొమ్మిది గుంపులుగా పిలుస్తారు. నాలుగు వర్ణాలకే మేం వేల ఏళ్లు కొట్టుకున్నాం.

తాకట్టు సార్వభౌమా!

2020లో కోవిడ్ వచ్చి విమానాలు నేల మీద నిలబడిపోయాయి. అప్పుల కోసం తిరిగిన విమాన సంస్థలు అప్పిచ్చేవాళ్లకు ఏం చూపించాయి? మిమ్మల్ని. యునైటెడ్ తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. డెల్టా 900 కోట్లు తెచ్చింది. 2021లో అమెరికన్ వెయ్యి కోట్లు తెచ్చింది. ఆ సందర్భంలో యునైటెడ్ తన పథకానికి కట్టిన విలువ దాదాపు 2190 కోట్ల డాలర్లు. అప్పట్లో షేర్ బజారు విమానాలు, మనుషులు, మార్గాలతో సహా ఆ కంపెనీ మొత్తానికి కట్టిన విలువ కంటే అది ఎక్కువ.

ఇంత సంపద ఎక్కణ్నుంచి వచ్చిందంటే, మీరు మైళ్లను గాల్లో పుట్టించి బ్యాంకులకు డాలర్లకు అమ్ముతారు. బ్యాంకులు వాటిని క్రెడిట్ కార్డులతో మాకు పంచుతాయి. 2024లో డెల్టాకు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చిన రాబడి 740 కోట్ల డాలర్లు. విమానం ఎక్కకుండానే మైళ్లు సంపాదించే యోగం మాకు అలా పట్టింది. మొదటి మూడు నెలల్లో మూడు వేల డాలర్లు ఖర్చుపెడితే ఇన్ని వేల మైళ్లు అని మీరు ఊరిస్తే, కొత్త సోఫా అవసరమని మాకు అప్పుడే తట్టింది. అసలు మైళ్లు ఇక్కడే ఉన్నాయని ఒప్పుకుంటాం. నెలనెలా బాకీ మొత్తం కట్టేసేవాడికి కొత్త కార్డు మీద ఒక్కసారి వచ్చే మైళ్లు ఊరికి ఎన్ని సార్లు వెళ్లొచ్చినా రావు. బాకీ మిగిల్చుకునేవాడికి మాత్రం వడ్డీ రూపంలో ఆ మైళ్ల ఖరీదు మెల్లగా తెలిసివస్తుంది.

చిరంజీవీ!

మనుషులు పోయినా కీర్తి మిగులుతుందంటారు. విమానాలు పోయినా మైళ్లు మిగలడం మీలోనే చూశాం. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం దిగిపోయింది. దాని మైళ్ల పథకం మాత్రం వేరే కంపెనీ కావడం వల్ల నిక్షేపంగా బతికి, అదే ఏడాది ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుంది. బ్రస్సెల్స్ మీదుగానో ఆమ్‌స్టర్‌డాం మీదుగానో జెట్‌లో వచ్చిపోతూ మైళ్లు కూడబెట్టిన తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల చేతిలో మైళ్లు మిగిలాయి, ఎక్కడానికి జెట్ మిగల్లేదు. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయినప్పుడు దాని పాయింట్లూ వెంట వెళ్లాయి, ఎయిరిండియా పథకానికి ఇప్పుడు మహారాజా క్లబ్ అని పేరు. నమ్ముకున్న సంస్థ పేరు మారవచ్చు, రంగు మారవచ్చు, అసలు లేకపోవచ్చు. విశ్వాసం మాత్రం సభ్యుడి పక్షాన స్థిరంగా ఉండాలని మీరు మాకు నేర్పారు.

మార్గదర్శీ!

మీరు లేకపోతే మేం టికెట్టు ఎలా ఎంచుకునేవాళ్లమో తలుచుకుంటేనే భయం వేస్తుంది. హైదరాబాదుకు అమెరికా నుంచి నేరుగా విమానం లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా చికాగో నుంచి మొదలుపెట్టింది గానీ అది నిలవలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట మారాలి. మీరు లేకపోతే మేం ఎక్కడ మారితే పిల్లలకు సుఖమా అని ఆలోచించేవాళ్లం. ఢిల్లీలోనో ముంబైలోనో మారితే సాధారణంగా అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలన్నీ దింపుకుని కస్టమ్స్ దాటి మళ్లీ వెయ్యాలి. దుబాయ్, దోహా, అబుధాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో మారితే పెట్టెలు తిన్నగా శంషాబాద్‌లోనే కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో అబుధాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, నిద్రపోయే పిల్లల్ని మోసుకుంటూ ఇక్కడ దిగాక వరసలో నిలబడక్కర్లేదు. విరామం రెండు గంటలా, పదకొండు గంటలా? దిగేది తెల్లవారుజామున మూడింటికా, పగలా? టికెట్టు మొత్తం ఒక్కటేనా, లేక చౌక అని రెండు ముక్కలుగా కొన్నామా? రెండు ముక్కలైతే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోవాడికి మనతో సంబంధం లేదు. రెండేళ్ల లోపు పసిబిడ్డకు ఒళ్లో టికెట్టు పెద్దల ఛార్జీలో సుమారు పదో వంతు. తిరిగి వచ్చేలోగా రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని అదే బుకింగులో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టాలని భారత విమానయాన నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించింది. అమెరికాలో అలాంటి నిబంధన అదే ఏడాది ఆగస్టులో ప్రతిపాదన దాకా వచ్చింది.

ఇలాంటి లౌకిక విషయాల్లో కొట్టుకుపోకుండా మీరు మమ్మల్ని కాపాడారు. ఇది మన కూటమి విమానమేనా, మన ఖాతాలో మైళ్లు పడతాయా అన్న ఒక్క ప్రశ్న మీదే మా మనసు నిలిపారు. టికెట్టుకు 150 డాలర్లు ఎక్కువైనా, మధ్యలో ఇంకో ఊరు తగిలినా మన కూటమే అనుకున్నాం. నలుగురికి 600 డాలర్లు అదనం. ప్రతిఫలంగా 24 వేల మైళ్లు, అంటే 240 డాలర్లు, అది కూడా పట్టిక లేని దుకాణంలో. మిగిలిన 360 డాలర్లు భక్తి ఖాతాలో రాసుకున్నాం.

భాగస్వామి విమానమైతే ఇంకా ముచ్చట. కూటమి ముద్ర తోక మీద కనిపిస్తుంది గానీ, టికెట్టు మీద చిన్న అక్షరం ఒకటి ఉంటుంది, బుకింగ్ తరగతి. ఆ అక్షరాన్ని బట్టి మైళ్లు పూర్తిగా రావచ్చు, పావు వంతు రావచ్చు, అసలే రాకపోవచ్చు. కుటుంబాలు కొనే చౌక టికెట్ల మీద ఏ అక్షరాలుంటాయో మీకు చెప్పనక్కర్లేదు.

మహాశయా!

మీ కీర్తికి భంగం కలగని విధంగా మేం చేసుకున్న తీర్మానాలు ఈ సభాముఖంగా మనవి చేస్తున్నాం. మొదట నలుగురి మొత్తం ధర చూస్తాం, పెట్టెలకు, సీట్లకు అయ్యేది కూడా కలిపి. తర్వాత ఎన్ని చోట్ల మారాలి, విరామం ఎంత, పెట్టెలు ఎక్కడ దొరుకుతాయి అన్నది చూస్తాం. అందరికీ ఒకే బుకింగు, ఒకే టికెట్టు. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే. బయల్దేరడానికి వారం ముందో అంతకంటే ముందో అమెరికాలో విమాన సంస్థ దగ్గర నేరుగా కొన్న టికెట్టును 24 గంటల్లోపు ఊరికే రద్దు చేసుకోవచ్చు కాబట్టి, కొన్న రాత్రి పేర్లు, తేదీలు మరోసారి సరిచూస్తాం. ఇవన్నీ అయ్యాక, ఆ విమానం ఎవరిదైతే వారి పథకంలోనే చేరతాం. అది ఉచితం, అయిదు నిమిషాల పని. కుటుంబ ఖాతా ఉంటే పిల్లలతో సహా అందులో చేరతాం. మిగిలిన చిల్లర మైళ్లు గడువు తీరకముందే దొరికిన దానికి, సీటు మార్పుకో అదనపు పెట్టెకో వాడేస్తాం. రేపటి కోసం దాచం. దాచినవాటికి ధర మీరే రాస్తారు కదా.

రెండు ధరలూ సమానమైతే మీ విమానమే ఎక్కుతాం, మాట ఇస్తున్నాం. ఒక్క డాలరు ఎక్కువైనా, ఒక్క ఊరు అదనంగా తగిలినా మాత్రం క్షమించాలి. ఏటా ఇరవైసార్లు పరుల ఖర్చుతో ఎగిరేవాడికి మీరు కల్పవృక్షం. సొంత డబ్బుతో రెండేళ్లకోసారి నలుగురితో ఊరెళ్లేవాడికి మీరొక ఈమెయిలు. అందుకే చప్పట్లు మీకు, టికెట్టు డబ్బు మాత్రం పిల్లల్ని తక్కువ ధరకు, తక్కువ అలసటతో ఇంటికి చేర్చినవాడికి.

ఇట్లు,
హోదా లేని సభ్యులు,
తొమ్మిదో గుంపు.